అవసరం లేదన్నారు

మంగళవారం పొద్దున ఆరున్నరకే మృణాళిని టేపు పట్టుకుని హాల్లో బీరువాను కొలుస్తోంది. పొడవు కొలిచింది, వెడల్పు కొలిచింది, నమ్మకం కుదరక మళ్ళీ పొడవు కొలిచింది. స్టవ్ మీద పాలు పొంగి పొర్లుతున్నా ఆమెకు పట్టలేదు.

"ఏమే, రాత్రి కొలిస్తివే! తెల్లారేసరికి బీరువా పెరిగిందా?" అన్నాడు భర్త సూర్యనారాయణ, బూట్లకు పాలిష్ రుద్దుతూ.

"ఆ ఇంట్లో లోపలి గదిలో ఇది పడతాదా లేదా చూసుకోవద్దా? మీకేమి, మీరు పోయి అంబత్తూరులో మిషన్ల మధ్య కూర్చుంటారు. ఆడ ఇల్లు సర్దేది నేను కదా!"

"ఇంకా అగ్రిమెంటే కాలేదే!"

"అవుతాది. శుక్రవారం అవుతాది. పొద్దున్నే నోట మంచి మాట రానీండి."

వంటింట్లో కోడలు సునయన పకపకా నవ్వింది. స్టవ్ కట్టేసి, మిగిలిన పాలతో కాఫీలు కలిపి తెచ్చింది.

"బీరువా భేషుగ్గా పడుతుందండి అత్తయ్యగారూ. లాప్‌టాప్‌లో ప్లాను గీశాను కదా. కిటికీకి ఈ పక్కన పెట్టామంటే తలుపు కూడా హాయిగా తెరుచుకుంటుంది."

"ఏదీ, ఇంకోసారి చూపించు!"

అత్తాకోడళ్ళు లాప్‌టాప్ మీదికి వంగిపోయారు. వంటిల్లు పసుపు రంగు, హాలు నీలం, రెండు పడక గదులు ఆకుపచ్చ. బాల్కనీలో తులసి కుండీ కూడా గీసింది ఆ పిల్ల. పదిసార్లు చూసిన బొమ్మే. అయినా మృణాళినికి పదకొండోసారి కూడా గుండె జల్లుమంది.

జల్లుమనదూ మరి! ఇరవై ఆరేళ్ళుగా ఈ తమిళ పట్నంలోని చూలైలో చెంగల్రాయుడి మేడ మీద రెండు గదుల వాటాలో కాపురం. చెంగల్రాయుడు చెడ్డవాడేం కాదు. నీళ్ళ లారీ వస్తే ముందు వీళ్ళకే కబురు పెడతాడు. కానీ గోడకు మేకు కొడితే మాత్రం సహించడు. సుత్తి చప్పుడు వినపడితే చాలు, పంచె ఎగగట్టుకుని మెట్లెక్కి వచ్చేస్తాడు. "మా తాత కట్టిన సున్నం గోడలివి. ఒక మేకు కొడితే జానెడు ఊడి వస్తాది!" అంటాడు. అందుకని ఆ ఇంట్లో ఉన్నవి మూడే మూడు మేకులు, అవీ వీళ్ళకు ముందున్నవాళ్ళు కొట్టి పోయినవి. ఒకదానికి గడియారం, ఒకదానికి క్యాలెండరు, ఒకదానికి అద్దం. ఫోటోలన్నీ పాత చీరలో చుట్టి బీరువా వెనక. పోయినేడు కొడుకు విఘ్నేష్ పెళ్ళి ఫోటోకు ఫ్రేము కట్టించి తెచ్చినప్పుడు, దాన్ని కూడా ఆ బీరువా వెనకే తోస్తుంటే మృణాళినికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. మర్నాడే వెళ్ళి ఒక సుత్తి కొనుక్కుంది. సొంత ఇంటి కోసం ఆమె కొన్న మొదటి వస్తువు అదే.

ఇల్లు కొనే కాలమా ఇది, అని బంధువులందరూ అడిగారు. అడగడం తప్పు కాదు. సూర్యనారాయణ పనిచేసే ఫ్యాక్టరీలో కార్లకు విడిభాగాలు చేస్తారు. విదేశాల ఆర్డర్లు తగ్గి ఈ మధ్యే ఒక షిఫ్టు ఆపేశారు. వచ్చే ఏడాది ఆయన రిటైర్మెంటు. సునయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో గురువారం సాయంత్రమయ్యేసరికి అందరి మొహాలూ పాలిపోతున్నాయి, ఈ వారం ఎవరిని తీసేస్తారోనని. కానీ ఆ కాలమే వీళ్ళకు కలిసొచ్చింది. పురసవాక్కంలో బట్టల కొట్ల వెనక సందులో దొరస్వామి అనే పెద్దాయన తన రెండో అంతస్తు ఫ్లాటు అమ్మకానికి పెట్టి ఏడాదైంది. కొనేవాళ్ళు జంకుతుంటే విసిగి ధర దించాడు. శుక్రవారం పొద్దున పదిన్నరకు రాహుకాలం వస్తుంది, అంతలోపల సంతకాలు అయిపోవాలన్నాడు. పై వారం తమిళుల ఆడి మాసం మొదలు. ఈ ఊళ్ళో ఆడిలో ఎవరూ ఇల్లు కొనరు, అమ్మరు. ఆడి వెళ్ళేదాకా ఆగమంటే, ఇంకో పార్టీ ఇప్పుడే రెడీగా ఉంది. బ్యాంకు వాళ్ళు కూడా ఒక షరతు పెట్టారు. కొడుకూ కోడలూ ఇద్దరూ సంతకం చేస్తేనే లోను. కొడుకు విఘ్నేష్‌ది హార్బరులో సరుకు రవాణా కంపెనీ. పని మీద ముందు రోజే తూత్తుకుడి వెళ్ళాడు, శుక్రవారం పొద్దున రైలు దిగి నేరుగా సంతకాలకు వస్తానన్నాడు.

సునయనది రాజమండ్రి. పెళ్ళయిన ఏడాదిలో కాపురమంతా అటు ఐటీ కంపెనీల వైపు అద్దె ఫ్లాటులోనే. ఇల్లు కొనాలన్న మాట వచ్చాక, ఆ అద్దె మిగులుతుంది కదా అని మొగుడూ పెళ్ళాలు చూలైకి వచ్చేసి ఆరు వారాలైంది. కొత్తలో ఇక్కడి మాటలకు తికమక పడేది. బ్రోకరు ఫోన్లో "వీడు చిన్నదే గానీ మంచి వీడమ్మా" అంటే, ఎవడండీ వాడు అని అడిగింది! అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇక్కడ ఇంటినే వీడు అంటారని అప్పుడు తెలిసింది. ఆనాటి నుంచి తెలియని మాట వింటే చాలు, దానికి అర్థమేంటండీ అని అడిగి తెలుసుకోవడం అలవాటు చేసుకుంది.

ఆ పిల్లకు ఇల్లంటే సరదా ఒక్కటే కాదు, భయం కూడా. వాళ్ళమ్మ ఒకప్పుడు గాజులు అమ్మి ఉమ్మడి ఇంటి మీద మేడ కట్టించింది. సునయన నాన్న పోయిన ఏడాదికి మరుదులు కాగితాలు తీసి, "ఇందులో నీ పేరెక్కడుంది వదినా?" అన్నారు. తల్లీ కూతుళ్ళు రెండు ట్రంకు పెట్టెలతో బయటికి వచ్చారు. అప్పుడు సునయనకు పదమూడేళ్ళు. ఈ సంగతి అత్తవారింట్లో ఎవరికీ చెప్పుకోలేదు, అభిమానం.

అందుకే ఆ పొద్దున ఆధార్, పాన్ కాపీలు ఫైలులో పెట్టుకుని, మెట్ల దగ్గరికి వెళ్ళింది. సూర్యనారాయణ క్యారేజీ తీసుకుని బస్సుకు బయల్దేరుతున్నాడు.

"మావయ్యగారూ, అగ్రిమెంటులో నా పేరు వేయించడానికి కాపీలు తీసిపెట్టానండి. ఇవ్వమంటారా?"

ఆయన వాచీ చూసుకుని నవ్వాడు. "అవసరం లేదమ్మా. నువ్వు నీ ఆఫీసు పని చూసుకో తల్లీ" అనేసి, గబగబా మెట్లు దిగిపోయాడు.

ఆ రెండు మాటలే కొంప ముంచాయి.

సునయన ఫైలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. అంత నవ్వుతూ, అంత తేలిగ్గా అనేశాడే మనిషి! బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆనక రాజమండ్రికి ఫోన్ చేసింది.

"అవసరం లేదన్నాడా? ఆ మాటే అన్నాడా అమ్ములూ?" అంది తల్లి.

"ఆ మాటే అన్నారమ్మా. నవ్వుతూ మరీ."

"బ్యాంకులో సంతకానికి నువ్వు కావాలి, కాగితంలో పేరుకి అక్కర్లేదా? పైగా మనకి ఆషాఢం వచ్చేసిందే, ఇప్పుడు అగ్రిమెంటేంటే వాళ్ళకి, విడ్డూరం కాకపోతే! నేను పడ్డది చాలదా? నువ్వు నోరు మూసుకుని సంతకం పెట్టకు, చెప్తున్నా."

"అత్తయ్యగారు అలాంటి మనిషి కాదమ్మా. ఆవిడతో మాట్లాడి చూస్తాను."

చూసింది కూడా. బుధవారం స్కూలు వదిలాక మృణాళిని ఆమెను పురసవాక్కం రమ్మంది. అక్కడి స్కూల్లోనే మృణాళిని లెక్కల టీచరు. ఇద్దరూ కర్టెన్ల కొట్టుకెళ్ళారు. మృణాళిని చిన్నపిల్లలా మురిసిపోతోంది. హాలుకు నీలం పూలవి తీయించింది, పూజ గూటికి ఎర్ర పరదా బేరమాడింది. కొట్టువాడితో తమిళంలో, కోడలితో తెలుగులో, తనలో తాను లెక్కల్లో మాట్లాడుకుంటోంది. సునయన ఇదే అదననుకుంది.

"అత్తయ్యగారూ, మరి మా గదికండీ?"

"మీ గదికా? మీ గదికి ఇప్పుడేం అవసరం లేదులే" అంది మృణాళిని, పరదా బట్ట వెలుతురులో పట్టి చూస్తూ.

సునయన గుండెలో ఎవరో పిడికిలితో గుద్దినట్టయింది. ఉక్రోషం గొంతు దాకా వచ్చింది.

"సరేనండి. నాకూ అవసరం లేదు."

మృణాళిని చటుక్కున తిరిగింది. మొహం చింకి చేటంత చేసుకుని కోడలి బుగ్గ పుణికింది. "అదీ మాటంటే! ఈ కాలం పిల్లలు అన్నీ ఇప్పుడే కావాలంటారు. నా కోడలు చూడు, ఎంత నిదానం! ఏమప్పా, మా కోడలు ఏమంటా ఉండాదో విన్నావా?" అని కొట్టువాడికి కూడా తమిళంలో చెప్పి మురిసిపోయింది.

కాదూ కూడదూ అంటుందేమో, ఎందుకమ్మా అలాగంటావు అని బుజ్జగిస్తుందేమో అని ఆశపడింది సునయన. నాకు అక్కర్లేదంటే ఇంత సంబరమా ఈవిడకి! ఇంటికొచ్చేదాకా ఆటోలో బయటికి మొహం తిప్పుకునే కూర్చుంది. ఒళ్ళో కర్టెన్ల సంచీ పెట్టుకున్న మృణాళినికి ఇదేమీ తెలియదు. ఆమె లెక్క ఆమెది, అల్మరా కొలత ఎంత వస్తుందా అని.

గురువారం సాయంత్రం సునయన టీములో నలుగురిని తీసేశారు. ఆమె పక్క సీటులో రోజూ టిఫిను పంచుకునే చిన్మయి కూడా అందులో ఉంది. చిన్మయి తన కాఫీ కప్పు, ఒక చిన్న వినాయకుడి బొమ్మ సంచిలో వేసుకుని, "ఈ వారం నేను. నువ్వు జాగ్రత్తే" అని వెళ్ళిపోయింది. రైల్లో ఇంటికొస్తుంటే సునయనకు ఆ మాటే చెవుల్లో గింగురుమంటోంది. వచ్చే వారం తన పేరు తీసేస్తే? అప్పుడు బ్యాంకుకూ అక్కర్లేదు, ఈ ఇంటికి ఎలాగూ అక్కర్లేదు. భర్త ఫోన్ చేస్తే, తలనొప్పి అని రెండు ముక్కల్లో పెట్టేసింది.

శుక్రవారం తెల్లవారింది. చూలై సందంతా ఇంకా నిద్రలో ఉండగానే మేడ మీద పండుగ మొదలైంది. మృణాళిని తలస్నానం చేసి, అరటాకు రంగు పట్టుచీర కట్టి, మల్లెపూలు మూరెడు తాను పెట్టుకుని మూరెడు కోడలికి దాచింది. సూర్యనారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని పది నిమిషాలకోసారి గడియారం చూస్తున్నాడు. తొమ్మిదింటికి ఆటో తెమ్మని డ్రైవరు వేలుకు చెప్పి పెట్టాడు.

తొమ్మిదీ అయింది. కింద ఆటో హారన్ మోగింది. సునయన ఇంట్లో కట్టుకునే బట్టల్లోనే, మంచం మీద కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఇంకా చీర కట్టలేదే? ఒంట్లో బాగాలేదా?" మృణాళిని నుదురు తాకబోయింది.

సునయన ఆ చెయ్యి పక్కకు తీసింది. "నేను రావడం లేదండి."

"రావడం లేదా? నువ్వు లేకుండా సంతకం ఎట్లా?"

"నేను పెట్టను. అగ్రిమెంటూ వద్దు, లోనూ వద్దు. మీ ఇల్లు మీరు కొనుక్కోండి."

సూర్యనారాయణ గుమ్మంలోకి వచ్చాడు. "ఏమైంది తల్లీ? ఎవరేమన్నారు?"

"మీరే అన్నారు మావయ్యగారూ! నా పేరుకి కాపీలు తెస్తే అవసరం లేదన్నారు. అన్నారా లేదా?"

"అన్నా. అంటే ఏమి?"

"ఏమీ లేదా? ఎంత తేలిగ్గా ఒప్పుకుంటున్నారండీ!"

"నీ మంచికే అన్నా తల్లీ. ఆఫీసులో ఒకటే టెన్షన్లో ఉండావు, ఇది కూడా నీ నెత్తిన ఏంటికి అని..."

"జాలి పడి అన్నారా? పేరు ఇవ్వకపోవడం కూడా నా మంచికేనా?" సునయన లేచి నిలబడింది. మూడు రోజులుగా బిగబట్టినదంతా కట్ట తెగింది. "అత్తయ్యగారు మా గదికి కర్టెను కూడా అవసరం లేదన్నారు. అంటే మేం ఆ ఇంట్లో ఉండమనేగా? ఉండేది మీరిద్దరూ, లోను కట్టేది మేమూనా?"

ఈసారి మృణాళినికి కోపం వచ్చింది. లెక్కల టీచరు కోపం, పిల్లలు హడలిపోయేది. "ఏంది నువ్వు మాట్లాడేది? నేనన్నదానికి నువ్వేమన్నావు? నాకూ అవసరం లేదు అన్లేదా? నేనెంత సంతోషపడినా!"

"అదేగా నా ఏడుపు! మీరు సంతోషపడ్డారు! కాస్తయినా బాధపడతారనుకున్నాను!" సునయనకు ఏడుపు ముంచుకొచ్చింది. "నిన్న మా టీములో నలుగురిని తీసేశారండి. వచ్చే వారం నేనే కావచ్చు. జీతముంటేనే ఈ ఇంటికి కోడలినా? రేపు ఉద్యోగం పోయాక, ఇందులో నీ పేరెక్కడుంది అని మీరు కూడా అడుగుతారు. మా అమ్మని అలాగే అడిగారు. గాజులన్నీ పెట్టి మేడ కట్టిస్తే, పేరు లేదని గెంటేశారు. నేను గెంటించుకోనండి. నా వల్ల కాదు!"

సూర్యనారాయణ కంగారుగా చొక్కా జేబు తడుముకున్నాడు. మృణాళిని కోపమంతా చప్పున చల్లారిపోయింది. తొమ్మిదీ ఇరవై దాటింది. కింద వేలు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

దబదబా మెట్లెక్కిన చప్పుడు. పంచె ఎగగట్టుకుని చెంగల్రాయుడు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమి సార్ ఇది? ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి నా చెవులు పోతా ఉండాయి! పొద్దున్నే ఇంత అవసరంగా యాడికి పోతా ఉండారు? ఎంత అవసరమైతే మాత్రం గేటుకు అడ్డంగా ఆటో పెట్టేదా?"

సునయన కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నారండీ?"

"గేటుకు అడ్డంగా ఆటో..."

"కాదండీ. దానికి ముందు."

"ఇంత అవసరంగా యాడికి అని అడిగినా. ఏం, అడగకూడదా?"

"అవసరంగా అంటే... ఏంటండీ?"

చెంగల్రాయుడు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇదేం ప్రశ్నమ్మా! అవసరంగా అంటే అర్జెంటుగా. తొందరగా. కంప్యూటర్ల ఉద్యోగం చేస్తావు, ఇది తెలీదా?"

సునయన మెల్లగా మంచం మీద కూలబడింది. తెలియని మాటైతే అడిగేది. తెలిసిన మాట, పుట్టినప్పటి నుంచి వింటున్న మాట. అందుకే అడగాలని తోచలేదు.

"మావయ్యగారూ," అంది తలెత్తి, "మొన్న మీరు అవసరం లేదన్నారు చూడండి... అంటే తొందరేం లేదనా?"

"మరేమి? శుక్రవారం దాకా టైముండాది, నిదానంగా ఇయ్యొచ్చులే అని. ఇంకేమి అర్థం దానికి?"

"మా ఊళ్ళో అవసరం లేదంటే... అక్కర్లేదు అనండి. వద్దు అని."

"వద్దు అనా?" మృణాళిని రెండు చేతులతో నోరు నొక్కుకుంది. తమిళం గాలి తగిలి తమ తెలుగులో ఆ మాట ఎప్పుడు మారిపోయిందో, ఎవరికి గుర్తు! "అయ్యయ్యో... అంటే నేను ఆ కొట్టువాడి ముందర... మీ గదికి వద్దు అన్నట్టా? నువ్వు వద్దు అని ఏడుస్తా ఉంటే, నేను బుగ్గ పుణికి సంతోషపడినానా!" ఆమె కోడలి పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. "మీ ఇద్దరూ కలిసి మీ ఇష్టానికి కొనుక్కోవాలని కదా మీ గదిది ఆపినా! నాకేం తెలుసు మీ పిల్లల రంగులు!"

"నేనేమో మీకు అంత కసి ఉందనుకున్నానండీ..." అంటూనే సునయన వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వొచ్చేసింది.

సూర్యనారాయణ చొక్కా జేబులోంచి మడత కాగితాలు తీసి కోడలి ఒళ్ళో పెట్టాడు. ముందు రోజు డాక్యుమెంట్ రైటరు ఇచ్చిన అగ్రిమెంటు డ్రాఫ్టు. కొనేవాళ్ళ చోట మూడు పేర్లు టైపు చేసి ఉన్నాయి. ఆయనది, విఘ్నేష్‌ది, మూడోది సునయనది. ఆమె పేరు పక్కన ఆధార్ నంబరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"ఆ ఖాళీ నీ కోసమే పెట్టించినా. ఈ పొద్దు ఆడనే రాసుకోవచ్చులే అని. మీ అత్త పేరు కూడా లేదు చూడు. నాకొద్దు, పిల్ల పేరుండాలా అని తనే చెప్పింది" అన్నాడు. "ఉద్యోగం మాటంటావా, మా ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఆపేసినారు, రేపు నన్నే పొమ్మనొచ్చు. ఒకరిది పోతే ముగ్గురం ఉండాము. నీ జీతం చూసి కొనడం లేదు తల్లీ. నలుగురం ఉండాము కదా అనే ధైర్యంతో కొంటా ఉండాము. మీ అమ్మ సంగతి నాకు ముందే చెప్పుంటే, నీ పేరే ముందర వేయించుండేవాణ్ణి."

సునయన ఆ కాగితం మీద తన పేరును వేలితో తడిమి చూసింది. వంగి ఆయన పాదాలకు దణ్ణం పెట్టబోతే, ఆయన కంగారుగా వెనక్కి జరిగాడు.

"అదంతా ఆనక! పదిన్నర లోపల పోవాలా! టైమెంతయిందే?"

"తొమ్మిదీ నలభై!" అని అరిచాడు చెంగల్రాయుడు. అంతవరకూ గుమ్మంలోనే నిలబడి కళ్ళు ఒత్తుకుంటున్నాడు ఆ పెద్దమనిషి. "ఇల్లు కొనేదానికా పోతా ఉండారు? ముందే చెప్పకూడదా! లే తల్లీ లే! ఒరే వేలూ, బండి తిప్పి పెట్టరా!"

ఆ తర్వాత జరిగిందంతా ఒక పరుగు! ఎనిమిది నిమిషాల్లో చీర కట్టుకుంది సునయన. మృణాళిని కుచ్చిళ్ళు సర్దుతూనే పూలు పెట్టింది. ముగ్గురూ ఆటోలో కుక్కుకున్నారు. సగం దారిలో ట్రాఫిక్ ఆగిపోయింది. సూర్యనారాయణ కాగితాలు గుండెకు హత్తుకుని దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తున్నాడు. వేలు ఇటొక సందులో దూరి, అటొక సందులో తేలి, పదీ పదిహేడుకు డాక్యుమెంట్ రైటరు మెట్ల ముందు దించాడు. అక్కడ విఘ్నేష్ భుజాన బ్యాగుతో, ఎర్రబడ్డ కళ్ళతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. లోపల దొరస్వామి వాచీ విప్పి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఫోను ఎందుకు ఎత్తవు సునీ? ప్రాణం పోయింది నాకు! ఏమైంది?" అన్నాడు విఘ్నేష్.

"ఏమీ లేదండీ. మీ ఊరి తెలుగు నేర్చుకుంటున్నాను" అంది సునయన.

పదీ ఇరవై ఆరుకు ఆమె సంతకం పడింది. అందరికంటే పెద్ద సంతకం ఆమెదే.

ఆ సాయంత్రం రాజమండ్రికి ఫోన్ చేసి జరిగిందంతా చెబితే, తల్లి అంతా ఊఁ కొడుతూ వింది. చివరికి, "నీ పేరు చూశావా అమ్ములూ? నీ కళ్ళతో చూశావా?" అని అడిగింది. చూశానమ్మా అంటే, అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఆడి వెళ్ళిపోయింది. లోను వచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది, దాని వెనకే వచ్చే ఆవణి మాసంలో ఒక ఆదివారం తాళంచెవి చేతికొచ్చింది. ఫ్యాక్టరీలో ఆ షిఫ్టు ఇంకా మొదలుపెట్టలేదు. సునయన ఆఫీసులో గురువారాలు ఇంకా భయంగానే గడుస్తున్నాయి. అయినా ఆ పొద్దున పురసవాక్కం ఫ్లాటులో పాలు పొంగుతుంటే నలుగురూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. ఈసారి పాలు పొంగి పొర్లినా ఎవరూ స్టవ్ కట్టేయలేదు.

హాలు ఇంకా ఖాళీగానే ఉంది. మృణాళిని చీర మూట విప్పి పెళ్ళి ఫోటో తీసింది. వధూవరుల పక్కన అత్తమామలూ, సునయన తల్లీ నిలబడి ఉన్న ఫోటో. సంచిలోంచి సుత్తి తీసింది. ఏడాదిగా దాచిన సుత్తి, ఇరవై ఆరేళ్ళుగా దాచుకున్న కోరిక. మేకు గోడకు ఆనించి సుత్తి ఎత్తింది గానీ, కోడలి వైపు చూసి దించేసింది.

"నువ్వు రా, నువ్వు కొట్టు. నేను మేకు పట్టుకుంటా" అంది కోడలితో.

"నేనెందుకండీ? ఇది మీ ముచ్చట. నా అవసరం లేదు" అంది సునయన నవ్వుతూ.

మృణాళిని ఆమె వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. "అట్లా అనకు. నువ్వు మాకు అవసరం."

"ఈ ఊరి అవసరమా అత్తయ్యగారూ, మా ఊరి అవసరమా?"

"మీ ఊరిదే తల్లీ. మీ ఊరిదే."

సునయన సుత్తి అందుకుంది. అత్త మేకు పట్టుకుంది. ఠక్, ఠక్, ఠక్. ఆ చప్పుడు ఖాళీ ఇల్లంతా మారుమోగింది. అలవాటు కొద్దీ సూర్యనారాయణా, విఘ్నేష్, మృణాళినీ ముగ్గురూ ఒకేసారి గుమ్మం వైపు చూశారు.

మెట్లెక్కి ఎవరూ రాలేదు.